నల్ల తెర మీద తెలుగు రాయాలి, ఫోన్ గోల తగ్గాలి: మీరెలా చేస్తున్నారు?

రాతపలక, గుంటూరు

అందరికీ నమస్కారం. పగలు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక కథలు రాసుకుంటాను. రాయడానికి కూర్చున్న సమయంలో సగం బ్రౌజరే మింగేస్తోంది. ఒక మాట సరిచూసుకుందామని నిఘంటువు తెరుస్తాను, పక్కన ఇంకో ట్యాబు, అందులో వార్త, ఆ వార్త కింద వీడియో, ఇక ఆ రాత్రికి కథ లేనట్టే. అందుకని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో ఒక పాత థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ తీసుకుని, డెస్క్‌టాప్ (ఐకాన్లు, కిటికీలు ఉండే తెర) ఏమీ లేకుండా డెబియన్ అనే లైనక్స్ వేయించాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతకు మించి ఏమీ ఉండకూడదని నా ఆశ.

ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంది. తెలుగు ఫైలు తెరిస్తే అన్నీ డబ్బాలే. డెస్క్‌టాప్ వేసి అందులో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి చూస్తే అక్షరాలైతే కనబడుతున్నాయి గానీ ఒత్తులు ఊడి పక్కకు వచ్చి కూర్చుంటున్నాయి, "స్త్రీ" అని రాస్తే ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎవరైనా టెర్మినల్‌లోనే తెలుగు రాస్తున్నారా? ఫోన్ విషయంలో కూడా మీరేం చేస్తున్నారో చెప్పండి, అది లాప్‌టాప్ పక్కనే ఉంటే ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నా ఒకటే.

నల్లతెర, హైదరాబాద్

అన్నా, ముందు టెర్మినల్ మీద ఆశ వదిలేయండి, మిగతాదంతా సులువే.

కారణం చెబుతాను. డెస్క్‌టాప్ లేకుండా వచ్చే ఆ నల్ల తెర ఉంది చూడండి, లైనక్స్ కన్సోల్, దాని ఫాంటులో మహా అయితే 512 గుర్తులు పడతాయి. అక్షరాలను కలిపి గుణింతం, ఒత్తు కట్టే యంత్రాంగం దానికి అసలు లేదు. ఇక డెస్క్‌టాప్‌లో తెరిచే టెర్మినల్ సంగతి: అది తెరను గళ్ల కాగితంలా చూస్తుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి, వెడల్పు అక్షరమైతే రెండు. మీ "స్త్రీ" కంటికి ఒకే అక్షరం, ఫైలులో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, మొత్తం ఆరు సంకేతాలు. వీటిని ఎన్ని గళ్లలో సర్దాలో టెర్మినల్‌కు తెలియదు, అందుకే ముక్కలు చేస్తుంది. కేడీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే కాన్సోల్ అనే టెర్మినల్ కొంత నయం, ఎమ్ఎల్‌టర్మ్ అనే ఇంకో టెర్మినల్‌లో మన లిపుల కోసం ప్రత్యేకంగా పని చేశారు. కానీ వాటిలో కూడా కర్సరు ఒకచోట, అక్షరం ఇంకోచోట ఉండి చిరాకు పెడతాయి. రోజూ కథలు రాసే మనిషికి అది పనికిరాదు.

నేను చేసేది ఇది. టెర్మినల్‌లో కాకుండా మామూలు కిటికీలో తెరుచుకునే ఈమాక్స్ అనే ఎడిటరు వేసుకోండి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అది అక్షరాలు కట్టడానికి హార్ఫ్‌బజ్ వాడుతోంది, బ్రౌజర్లలో తెలుగు సరిగ్గా కనబడడం వెనక ఉన్నది చాలావరకు ఇదే. ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. తెలుగు టైపింగు కూడా అందులోనే వస్తుంది, భారతీయ లిపుల మీటల అమరిక ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఐట్రాన్స్ ఉంది, వేరే ఏదీ వేయక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని వెనక్కి వాలిన గీత నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు.

డెస్క్‌టాప్ మొత్తం వేయాల్సిన అవసరమూ లేదు. కిటికీలు చూపించే ఎక్స్ అనే ప్రోగ్రాము ఒక్కటి వేసి, అది మొదలవగానే నేరుగా ఈమాక్స్ తెరిచేలా ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలులో ఒక్క వరుస రాస్తే చాలు. లాగిన్ అయి స్టార్ట్ఎక్స్ అని కొడితే ఎడిటరు, అది మూస్తే మళ్లీ నల్ల తెర. బ్రౌజరు వేయనే వేయకండి. మెనూ, పనిముట్ల పట్టీ తీసేసి, రంగులు నలుపు తెలుపుకు మార్చేస్తే మీరు కోరుకున్న బొమ్మ వచ్చేస్తుంది. ఈమాక్స్ మీట్లు అలవాటు చేసుకునే ఓపిక లేకపోతే ఫోకస్‌రైటర్ చూడండి, తెర నిండా కాగితం తప్ప ఇంకేమీ కనబడదు, తెలుగు కూడా సరిగ్గా వస్తుంది.

పాతగుమాస్తా, రాజమహేంద్రవరం

నల్లతెర గారు చెప్పినది ఈనాటి పరిస్థితి. ఒకప్పుడు నల్ల తెర మీద తెలుగు చక్కగా వచ్చేదని ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు, అందుకని రాస్తున్నాను.

డాస్ రోజుల్లో జిస్ట్ కార్డు అని ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పని, తర్వాత పుణెలోని ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లు దాన్ని కార్డు రూపంలో తెచ్చారు. కంప్యూటరు మూత విప్పి ఆ కార్డు గుచ్చితే వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ఇంగ్లీషు ప్రోగ్రాముల్లోనే తెలుగు కొట్టుకునే వీలు ఉండేది. అక్షరాలు కలిపి కట్టే పనంతా కార్డే చూసుకునేది, వర్డ్‌స్టార్‌కు తాను తెలుగు చూపిస్తున్నానన్న సంగతే తెలియదు. వెనక ఉన్నది ఇస్కీ అనే సంకేత పద్ధతి, 1991లో దాన్ని ఐఎస్ 13194 పేరుతో భారత ప్రమాణంగా ప్రకటించారు. అక్షరానికి ఒక్క బైటు. అన్ని భారతీయ లిపులకూ ఒకే వరుస, అందుకే దేవనాగరిలో కొట్టినది తెలుగులోకి మార్చడం ఒక్క మీట పని. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు ఇచ్చే యూనికోడ్ వాళ్లు మన లిపులకు స్థానాలు కేటాయించినప్పుడు 1988 నాటి ఇస్కీ వరుసనే తీసుకున్నారు. అంటే మీరు ఇవాళ ఫోన్‌లో కొట్టే ప్రతి "అ" వెనక ఆ పని ఉంది.

నేను ఆఫీసులో నేర్చుకున్న ఇన్‌స్క్రిప్ట్‌లోనే ఇప్పటికీ కొడతాను. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి, అలవాటైతే చూడకుండా కొట్టవచ్చు. రాతపలక గారూ, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నా సరే, మీరు రోజూ రాసేవారు కాబట్టి ఇది నేర్చుకోండి. కథ రాసేటప్పుడు మనసులో ఇంగ్లీషు స్పెల్లింగు తిరగకుండా ఉండడం ఎంత హాయో కొన్నాళ్లకే తెలుస్తుంది.

ఆ యంత్రాల మీద ఒక ప్రోగ్రాము మూసి ఇంకోటి తెరిచేవాళ్లం. ఉత్తరం కొడుతున్నప్పుడు తెర మీద ఉత్తరమే ఉండేది. మీరందరూ ఇప్పుడు వెతుకుతున్నది అదే అనిపిస్తోంది.

అశోక్‌నగర్_రూమ్

అన్నలూ, నా బాధ వేరు. నేను గ్రూప్-2కు చదువుతున్నా. లాప్‌టాప్ లేదు, ఉన్నది ఫోన్ ఒక్కటే. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతా, సీటు దొరుకుతుంది, పుస్తకం తెరుస్తా, ఇంతలో టెలిగ్రామ్‌లో కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ వచ్చిందని మోగుతుంది. అది తీద్దామని ఫోన్ పట్టుకుంటే రీల్స్‌లోకి ఎప్పుడు పోతున్నానో నాకే తెలుస్తలేదు. ఫోన్ రూములో వదిలేసి పోదామంటే గ్రూపులో వచ్చే మెటీరియల్ మిస్ అయితానని టెన్షన్. నోటిఫికేషన్ ఏదైనా వస్తే పరీక్ష తేదీ మారిందేమో అని టెన్షన్. ఈమాక్స్, డెబియన్ నాకు తెలియవు, ఫోన్‌తోనే ఏమైనా దారి ఉంటే చెప్పండి.

పద్మ_భీమవరం

తమ్ముడూ, నీకు చెప్పే ముందు ఇక్కడ ఒక మాట అనాలి. ఫోన్ పక్కన పెట్టేయండి, బటన్ ఫోన్ కొనుక్కోండి అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు ఇద్దరు పిల్లలు, స్కూలు హోంవర్కు వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది, గ్యాస్ డెలివరీకి ఓటీపీ కావాలి, మా అత్తయ్యగారి మందుల షాపువాడు కూడా వాట్సాప్‌లోనే చీటీ పంపమంటాడు. స్మార్ట్‌ఫోన్ మానేయడం అనేది ఇంట్లో ఈ పనులన్నీ ఇంకొకరు చూసుకుంటున్నవాళ్లకే కుదురుతుంది. బటన్ ఫోన్‌లో కూడా డబ్బు పంపొచ్చు, స్టార్ 99 హ్యాష్ ఉంది, 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన యూపీఐ 123పే కూడా ఉంది, అయినా స్కూలు గ్రూపు అందులోకి రాదు కదా.

నేను చేసినది ఫోన్‌ను అక్షరాల ఫోన్‌గా మార్చడం. ఓలాంచర్ అని ఒకటి ఉంది, ఉచితం, ఓపెన్ సోర్స్. అది వేస్తే తెర మీద ఐకాన్లు పోయి పేర్లు మాత్రమే ఉంటాయి, నాకు నాలుగే కనబడతాయి: ఫోన్, మెసేజీలు, వాట్సాప్, కెమెరా. మిగతావి కావాలంటే పేరు కొట్టి వెతుక్కోవాలి. ఆ పేరు కొట్టేలోపు నాకు అది నిజంగా కావాలా అన్న ఆలోచన వస్తుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతాను. రెండోది రంగులు తీసేశాను. డెవలపర్ ఆప్షన్లలో మోనోక్రోమసీ అని ఉంటుంది, చాలా ఫోన్లలో బెడ్‌టైమ్ మోడ్‌లో కూడా పెట్టుకోవచ్చు. నలుపు తెలుపులో రీల్స్ చూడబుద్ధి కాదు, చదవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పిల్లల ఫొటోలు చూడాలంటే మాత్రం రంగులు మళ్లీ పెట్టుకుంటాను.

నోటిఫికేషన్లు కాల్స్‌కు, మెసేజీలకు మాత్రమే ఉంచి అన్నీ ఆపేశాను. వాట్సాప్‌లో స్కూలు గ్రూపు ఒక్కటి మోగుతుంది.

నీ టెలిగ్రామ్ సంగతి: పీడీఎఫ్ ఇప్పుడు తీయకపోతే పోదు తమ్ముడూ, సాయంత్రం కూడా అక్కడే ఉంటుంది. రోజుకు ఒక్కసారి, లైబ్రరీ నుంచి వచ్చాక, అన్నీ దించుకుని కావలసిన పేజీలు జెరాక్స్ తీయించుకో. లైబ్రరీకి ఆ కాగితాలు పట్టుకెళ్లు. తేదీలు మారితే పేపర్లో వస్తుంది, నీ రూమ్మేట్ కూడా చెబుతాడు.

ఉత్తర_డాలస్

గుమాస్తా గారి పోస్టు చదివాక నేనూ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 90ల్లో మేం అమెరికా వచ్చిన కొత్తలో యూజ్‌నెట్ అనే పాత చర్చావేదికలో తెలుగువాళ్లకు ఒక గుంపు ఉండేది, సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. తెలుగు ఫాంటు లేదు, యూనికోడ్ వాడకంలో లేదు, ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. దాంతోనే పద్యాలు, వ్యాకరణం, వంటలు, రాజకీయం, తిట్లు అన్నీ నడిచేవి. హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో ఉన్న మనవాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి అందరికీ అలవాటైంది. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ, పెద్ద ఎల్ అయితే ళ. ఇవాళ లేఖిని అనే టైపింగు సైటులో కొట్టే పద్ధతికి మూలం అదే. బొమ్మ లేదు, లైకు లేదు, పోస్టు పెట్టి నిద్రపోతే పొద్దుటికి నాలుగు జవాబులు ఉండేవి, ఒక్కోటి రెండు పేజీలు. మీరు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నట్టే.

అప్పుడు నేను దాచుకున్న ఆర్‌టీఎస్ పాఠాలు ఇవాళ్టికీ ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి, ఒక చిన్న ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మారిపోతాయి. ఆ తర్వాతి రోజుల్లో ఊళ్లో డీటీపీ చేయించిన మా నాన్నగారి వ్యాసాల ఫైళ్లు మాత్రం తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. ఆ ఫాంటు కావాలి, ఆ పేజీలు కట్టిన సాఫ్ట్‌వేరు కావాలి, రెండూ ఇప్పుడు నా దగ్గర లేవు. ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, వాక్యం వాక్యం కూర్చుని దిద్దుతున్నాను. అచ్చు కోసం అందంగా కట్టినవి పోయాయి, మామూలు అక్షరాలుగా రాసుకున్నవి నిలిచాయి. రాతపలక గారూ, మీరు ఏ ఎడిటరైనా వాడండి, ఫైలు మాత్రం మామూలు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలు దాచే పద్ధతి) టెక్స్ట్‌గా దాచండి. మీ పిల్లలకు ఆ కథలు అందాలంటే అదే దారి.

సాదాసీదా

నాది కొంచెం విరుద్ధమైన అభిప్రాయం, తప్పుగా అనుకోకండి. ఈ చర్చలో సగం మంది రాయడం గురించి కాకుండా రాయడానికి యంత్రాన్ని తయారు చేయడం గురించి మాట్లాడుతున్నారు. ఈమాక్స్ రంగులు మార్చడం, ఫాంట్లు వెతకడం, లైనక్స్ మళ్లీ మళ్లీ వేయడం, ఇది కూడా ధ్యాస మళ్లించే పనే. రీల్స్ చూస్తే కనీసం తప్పు చేస్తున్నామని అనిపిస్తుంది, ఇందులో అదీ అనిపించదు. నేను విండోస్‌లో నోట్‌ప్యాడ్ వాడతాను. 2019 నుంచి అది కూడా యూటీఎఫ్-8లోనే దాస్తుంది, తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తాయి. రాసేటప్పుడు వైఫై రౌటరు స్విచ్ ఆపేస్తాను, అది పక్క గదిలో ఉంది, మళ్లీ వేయాలంటే లేవాలి. నాకు అంతకు మించి అవసరం పడలేదు.

నల్లతెర, హైదరాబాద్

సాదాసీదా గారూ, మీరన్నది సగం ఒప్పుకుంటాను. మీట్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లను నేనూ చూశాను. కానీ మీ పద్ధతిలో రౌటరు ఆపేస్తే ఇంట్లో మిగతావాళ్ల సంగతి ఏమిటి? పైగా ఇప్పుడు ఫోన్ నుంచి నెట్ ఇవ్వడం ఒక్క నిమిషం పని. నా అనుభవంలో, ఉన్నదాన్ని ఆపడం కంటే లేకుండా చేయడమే నిలబడుతుంది. రాసే యంత్రంలో బ్రౌజరే లేకపోతే రోజూ మనసుతో పోట్లాడే పని ఉండదు. ఆ ఏర్పాటు ఒక్కసారి చేసుకుని తర్వాత ముట్టుకోకూడదు, అంతే. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఇప్పటికీ నెట్ లేని డాస్ కంప్యూటరు మీద వర్డ్‌స్టార్ 4.0లో రాస్తానని చెప్పారు. ఆ ప్రోగ్రాము ఇక మారదు, కొత్త వెర్షను రాదు, అదే ఆయనకు కావలసింది. జిస్ట్ కార్డు లేకుండా మనకు డాస్‌లో తెలుగు రాదు కాబట్టి పాత లాప్‌టాప్, ఒక్క ఎడిటరు.

ఎంతసేపు కిందికి జరిపినా అయిపోని పేజీని 2006లో తయారుచేసిన డిజైనరు అజా రాస్కిన్ తర్వాతి రోజుల్లో తానే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు. పేజీకి ఒక చివర ఉంటే మనిషి అక్కడ ఆగి, ఇంకా చదవాలా అని ఆలోచించుకుంటాడు. టెక్స్ట్ ఫైలుకు చివర ఉంటుంది. నాకు అందులో నచ్చేది అదే.

రాతపలక, గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. ఈమాక్స్ వేశాను, నల్లతెర గారు చెప్పినట్టు ఎక్స్‌లో అదొక్కటే తెరుచుకుంటోంది. "స్త్రీ" ఒక్క ముక్కగా వచ్చింది! తెలుగుకు మండలి ఫాంటు పెట్టుకున్నాను, ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం కొంచెం పెంచాను. ఇక ముట్టుకోను.

నిఘంటువు కోసం బ్రౌజరు తెరిచే బాధ కూడా తీరింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు పుస్తకం మా పెదనాన్నగారి బీరువాలో ఉంటే తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. అందులో లేని మాటలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, మర్నాడు ఆఫీసులో ఆంధ్రభారతి అనే నిఘంటువుల సైటులో వెతుకుతున్నాను. రాత్రి అంత అవసరం అనుకున్న మాటల్లో చాలావాటికి పొద్దున వెతకాలనే అనిపించడం లేదు.

ఒక్క సమస్య మిగిలింది. కథలన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి, "సాఫ్ట్‌వేర్" అనే మాట ఏయే కథల్లో వాడానో గ్రెప్ అనే వెతికే ఆదేశంతో చూస్తే కొన్ని ఫైళ్లే చూపిస్తోంది. ఆ మాట ఉన్న కథ కళ్లెదురుగా ఉన్నా దొరకడం లేదు. ఎందుకు?

అశోక్‌నగర్_రూమ్

పద్మక్కా, టెలిగ్రామ్ సాయంత్రానికి పెట్టుకున్నా. ఫోన్ నలుపు తెలుపు చేసిన, మా రూమ్మేట్ చూసి ఫోన్ ఖరాబైందా అన్నాడు. లైబ్రరీల ఇప్పుడు బ్యాగులోనే ఉంటుంది. కరెంట్ అఫైర్స్ కోసం పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార కార్యాలయం) ప్రకటనలే నేరుగా చదువుతున్నా, తెలుగులో కూడా వస్తున్నాయి, గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు కొన్ని వాటిలోంచి తీసి కుదించినవే అని చదువుతుంటే తెలుస్తోంది. ఇంకా చేయి బ్యాగు వైపు పోతుంది, కానీ జిప్పు తీసేలోపు ఆపుకోగలుగుతున్నా.

పద్మ_భీమవరం

చాలా సంతోషం తమ్ముడూ. పరీక్ష అయ్యేదాకా రంగులు పెట్టకు.

నల్లతెర, హైదరాబాద్

రాతపలక అన్నా, గ్రెప్ తప్పేమీ లేదు. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాతి వే దాని కింద ఒత్తుగా కలవకుండా మధ్యలో కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంటుంది, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్నింట్లో మనమే కొట్టాలి. మీరు ఫోన్‌లో రాసి పంపుకున్న కథలో అది ఉంటుంది, లాప్‌టాప్‌లో రాసినదాంట్లో లేకపోవచ్చు, లేదా తిరగబడి ఉండొచ్చు. అందుకే ఒకదానికొకటి సరిపోవడం లేదు. వెతికేటప్పుడు ట్ తర్వాత ఒక చుక్క, ఒక ప్రశ్నార్థకం పెట్టి, గ్రెప్‌కు పెద్ద ఈ ఆప్షన్ ఇవ్వండి. అక్కడ ఏదైనా ఒక సంకేతం ఉన్నా సరే, లేకపోయినా సరే అని దాని అర్థం. రెండు రకాలూ దొరుకుతాయి.

ఇంకో రెండు కూడా చూసుకోండి. ఐత్వం రెండు రకాలుగా ఉండొచ్చు, ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి ఇంకొకటి. కంటికి రెండూ ఒకటే. అలాగే సున్నా. కొందరు "ం" బదులు తెలుగు అంకె సున్నా "౦" కొట్టేస్తారు, చూడడానికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు. వేరేవాళ్లు టైపు చేసిన ఫైళ్లలో ఇది చాలా ఎక్కువ.

ఉత్తర_డాలస్

ఈ సున్నా సంగతి నాకు ఇవాళే తెలిసింది. నాన్నగారి వ్యాసాల్లో కన్వర్టరు అన్ని చోట్లా అంకె సున్నానే పెట్టింది, ఇప్పుడే వెతికి చూశాను. పక్కన అంకెలు ఉన్న చోట్ల తప్ప మిగతావన్నీ ఒకేసారి మార్చేయడానికి సెడ్ అనే మార్పుల ఆదేశంలో ఎలా రాయాలో చెప్పగలరా? వ్యాసాల్లో సంవత్సరాలు తెలుగు అంకెల్లోనే ఉన్నాయి, అవి చెడిపోకూడదు.

నల్లతెర, హైదరాబాద్

తప్పకుండా. సున్నాకు ముందు అక్షరమో గుణింతమో ఉంటేనే మార్చమని, అంకె ఉంటే వదిలేయమని రాయాలి. ముందు ఫోల్డరు మొత్తం కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఒక వ్యాసంలోంచి నాలుగు వరుసలు ఇక్కడ అతికించండి, దాని మీద సరిచూసి ఆ వరుస రాసి పెడతాను.